పాటకొచ్చిన బీరు మగ్గు

అమెరికా నుంచి తిరిగొచ్చి రెండు నెలలయింది. ఏలూరు మెయిన్ బజారులో మా ఇత్తడి సామాన్ల కొట్టుకి వచ్చే ప్రతివాళ్ళూ సరుకు సంగతి పక్కనబెట్టి ముందు అడిగేది ఒకటే, నయాగరా చూశారా అని. చూడలేదు. పోనీ వైట్ హౌస్ చూశారా అంటారు. అదీ చూడలేదు. మరి మూడు నెలలు ఏం చేశారండీ అని జాలిపడతారు. ఒక బీరు మగ్గు కోసం కారేసుకుని రెండు రాష్ట్రాలు దాటి వెళ్ళానని చెబితే, పుట్టి బుద్ధెరిగి కల్లు వాసన కూడా ఎరగనివాణ్ణి అక్కడికి వెళ్ళి పాడైపోయాననుకుంటారని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు కాస్త వివరంగా రాస్తాను. చదివినవాళ్ళు అమెరికా ఎప్పుడైనా వెళితే, అక్కడ వేలంపాట జరిగేచోట నాలాగా నోరు విప్పకుండా ఉంటే చాలు.

కొలంబస్‌లో పక్కింటావిడ

మా చెల్లెలు రాజ్యం ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ ఊరి శివారున ఉంటుంది. ఆమె భర్త పాతికేళ్ళ కిందట చదువుకోడానికి వెళ్ళి అక్కడే కుదురుకున్న ఇంజనీరు. ఒక్కతే కూతురు, శైలజ. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. ఎనభై అయిదు వేసవిలో నేను వెళ్ళేసరికి దానికి సెలవులు.

పగలంతా పెద్దవాళ్ళు ఆఫీసులకి పోతే నాకు తోచేది కాదు. పెరట్లో కూర్చుంటే కంచె అవతల టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తూ ఒక ముసలావిడ కనిపించేది. పేరు ఎల్సా. జర్మనీ నుంచి యాభై ఏళ్ళ పైమాటే అయింది వచ్చి. భర్త ఓట్టో పోయి ఏడాదిన్నర. పిల్లలు లేరు. నేను రెండో రోజు నుంచే ఎల్సమ్మగారూ అని పిలవడం మొదలుపెట్టాను. ఆవిడకది నచ్చింది. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాటలన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. నాకు అందనిచోట శైలజ అందించేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ మొక్కల దగ్గరకు రాలేదు. ఏమయిందోనని వెళ్ళి తలుపు తట్టాను. వంటింటి బల్ల మీద ఒక ఉత్తరం, పక్కన ఒక వేలం సంస్థ వాళ్ళ పుస్తకం పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పుస్తకంలో ఒక బొమ్మ చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది.

అది స్టైన్ అనే జర్మన్ బీరు మగ్గు. మనం స్నానాలగదిలో వాడే మగ్గు లాంటిది కాదు. గట్టి పింగాణీ మట్టితో చేసి, పిడి పెట్టి, పైన తగరం కలిపిన లోహంతో మూత బిగిస్తారు. ఆ దేశంలో కాలేజీ కుర్రాళ్ళకి సంఘాలుండేవట. ఒక్కో సంఘానికి ఒక్కో రంగుల పట్టీ, ఒక్కో గుర్తు. మగ్గు మీద ఆ రంగులూ ఆ గుర్తూ వేయించుకుని, స్నేహం గట్టిపడ్డాక ఒకళ్ళకొకళ్ళు బహుమతిగా ఇచ్చుకునేవాళ్ళు. ఇచ్చినవాడి పేరు, పుచ్చుకున్నవాడి పేరు, ఊరు, సంవత్సరం మూత అంచున చెక్కించేవాళ్ళు. ఇది వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. పెళ్ళికి ఇచ్చే బిందె మీద పేరూ తారీఖూ కొట్టించనిదే మా కొట్లో ఏ సామానూ గడప దాటదు మరి.

ఆ బొమ్మలో ఉన్నది ఓట్టో మగ్గు. ఆయన పోయాక నేలమాళిగ ఖాళీ చేస్తూ, పాత సీసాలతో పాటు పెట్టెలో ఉండిపోయిన ఆ మగ్గుని, చూసుకోకుండా ఇంటిముందు పెట్టిన అమ్మకంలో అయిదు డాలర్లకి ఇచ్చేశారట. కొన్నవాడు పాత సామాన్ల వ్యాపారి. తెలిసి వెళ్ళి అడిగితే అప్పటికే పెన్సిల్వేనియాలో వేలానికి పంపేశానని చెప్పి ఈ పుస్తకం చేతిలో పెట్టాడు.

"పోనివ్వండి, మగ్గే కదా" అన్నాను నేను.

"మా అన్నయ్య అడుగుతున్నాడు" అంటూ ఉత్తరం మీద చెయ్యి వేశారావిడ. "ఓట్టో పోయినప్పటినుంచీ ప్రతి ఉత్తరం చివర ఇదే. మగ్గు జాగ్రత్తగా ఉందా, ఒక్కసారి చూడాలని ఉంది అని. అమ్మేశానని చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. పోస్టులో పంపనా అని కూడా రాశాను, దగ్గర లేకపోయినా. వద్దు, పగిలిపోతుంది, ఉండనీ అని జవాబు రాశాడు. ఆ రోజు నాకు ప్రాణం కుదుటపడింది."

ఆవిడ దగ్గర దాచుకున్నవి తొమ్మిదొందల డాలర్లు. ఆరొందలు జర్మనీకి విమానం టికెట్టుకి. మిగిలిన మూడొందలతో ఎలాగైనా మగ్గు పాడుకుని, అక్టోబరులో అన్నగారి ఎనభయ్యో పుట్టినరోజుకి తీసుకెళ్ళి చేతిలో పెట్టాలి. అదీ ఆవిడ ఆశ. మూడొందలు దాటితే మగ్గుంటే టికెట్టు లేదు, టికెట్టుంటే మగ్గు లేదు.

"మగ్గు లేకుండా వెళ్ళి వాడి మొహం ఎలా చూడను?" అన్నారు.

కళ్ళకి ఆపరేషనయ్యాక ఆవిడ పెద్ద రోడ్ల మీద కారు నడపడం మానేశారు. సాయంత్రం శైలజ ఈ కథ విని వెంటనే అంది, "నేను డ్రైవ్ చేస్తా మావయ్యా. నువ్వు మ్యాప్ పట్టుకుంటావు, అంతే. అమ్మని నువ్వు కన్విన్స్ చెయ్యాలి." రాజ్యాన్ని ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. ముసలాళ్ళిద్దర్నీ పెట్టుకుని ఆడపిల్ల అంత దూరమా అని దాని బాధ. చివరికి పులిహోర చేసి స్టీలు డబ్బాలో పెట్టి పంపింది.

జేన్స్‌విల్ కుండలు

కొలంబస్ నుంచి గంట ప్రయాణంలో జేన్స్‌విల్ అని కుండల ఊరు వస్తుంది. రోడ్డు పొడుగునా పింగాణీ దుకాణాలు. ఎల్సమ్మగారు కాళ్ళు చాచుకోవాలంటే ఒకచోట ఆపాం. ఒక్కో పూలకుండీ రెండు డాలర్లట. అంటే పాతిక రూపాయలు దగ్గర దగ్గర. మా ఊళ్ళో ఆ డబ్బుకి కుమ్మరి కుండీ చేసి, మట్టి పోసి, మొక్క నాటి వెళతాడని శైలజతో అన్నాను.

కుండ కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. వరసనున్న జాడీలన్నిటినీ వేలితో కొట్టి చూసుకుంటూ పోతున్నాను. కొట్టావిడ పరుగున వచ్చింది, ఈ పంచె కట్టినాయన ఎందుకు సామాన్లని కొడుతున్నాడోనని. శైలజ సర్దిచెప్పబోయింది. "ఆయన చెక్ చేస్తారు, క్రాక్ ఉందా అని. ఇండియాలో అలా చేస్తారు." ఆవిడ నమ్మలేదు. అంతలో ఒక జాడీ చచ్చిన మోత మోగింది. ఇందులో బీట ఉందన్నాను. పైకి ఏమీ కనపడలేదు. ఆవిడ లోపల నీళ్ళు పోసి, కాసేపుంచి చూస్తే అడుగున సన్నటి తడి గీత. ఆ తర్వాత ఆవిడే నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళి మరో డజను కొట్టించుకుంది. ప్రతిఫలంగా ముగ్గురికీ కాఫీ ఇచ్చింది.

కారెక్కాక ఎల్సమ్మగారు చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నారు. ఓట్టో కూడా ఏ పాత్ర కొన్నా అలాగే వేలితో కొట్టేవాడట.

మధ్యాహ్నం రోడ్డు పక్క చెట్ల కింద, ప్రయాణికుల కోసం వేసిన బల్లల మీద పులిహోర తిన్నాం. కరివేపాకు తినాలా పారేయాలా అని ఆవిడ అడిగారు. ఏరి పారేసేవాళ్ళు కొందరు, నమిలేవాళ్ళు కొందరు, నేను మాత్రం నములుతానని చెప్పాను. ఆవిడా నమిలారు. అక్కడే మగ్గు కథ మొత్తం చెప్పారు.

మార్బుర్గ్ అనే ఊళ్ళో ఆవిడ అన్న విల్హెల్మ్, ఓట్టో ఒకే సంఘంలో ఉండేవాళ్ళు. పందొమ్మిదివందల ఇరవయ్యేడులో విల్హెల్మ్ ఈ మగ్గు చేయించి ఓట్టోకి ఇచ్చాడు. ఇచ్చిన నెలకే సెలవులకి స్నేహితుణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. తలుపు తీసింది ఎల్సా. మూడేళ్ళకి పెళ్ళి, ఆపైన ఓడెక్కి అమెరికా. మూత మీద "విల్హెల్మ్ తన ప్రియమైన ఓట్టోకు" అని ఉంటుందట.

"ఆ రెండు పేర్లూ నావే కదా" అన్నారు. "ఒకటి నేను పుట్టిన ఇల్లు. ఒకటి నేను కట్టుకున్న ఇల్లు."

పులిహోర కారమని చెప్పి నీళ్ళు తాగాను.

కొండల్లో గుజరాతీ మోటెల్

ఆ రాత్రికి పెన్సిల్వేనియా కొండల్లో ఒక మోటెల్‌లో దిగాం. బల్ల వెనక కూర్చున్నాయన నా పంచె చూసి నిలువునా లేచి నిలబడ్డాడు. గుజరాతీ ఆయన. గదికి ఇరవై నాలుగు డాలర్లని బోర్డు. నేను పద్ధెనిమిది అన్నాను. శైలజ సిగ్గుతో కుంగిపోయి, "మావయ్యా, ఇక్కడ బార్గెయిన్ చెయ్యరు" అని చెవిలో అంది. ఆయన ఇరవైకి దిగాడు. దిగడమే కాదు, భార్యని పిలిచి మా ముగ్గురికీ అల్లం టీ పెట్టించాడు. బేరమాడి ఏడాది అయిందండీ, చాలా సంతోషంగా ఉంది అన్నాడు. ఆ మాటకి శైలజ నోరెళ్ళబెట్టింది.

స్నానాలగదిలో ఏ పిడి తిప్పితే ఏ నీళ్ళో తెలియక వీపు కాల్చుకున్నాను. అది వేరే సంగతి.

పొద్దున్నే రోడ్డు పక్క హోటల్లో కాఫీ ఒకసారి కొంటే ఎన్నిసార్లయినా నింపుతారని తెలిసి అయిదు కప్పులు తాగాను. ఆ రోజంతా నా గుండె రైలింజనులా కొట్టుకుంది.

లాంకాస్టర్ దారిలో తీపి వంటకం

రెండోరోజు మధ్యాహ్నానికి లాంకాస్టర్ ప్రాంతం వచ్చింది. మూడొందల ఏళ్ళ నాటి పద్ధతులు వదలని ఆమిష్ రైతులుంటారక్కడ. కరెంటు పెట్టుకోరు, కార్లు కొనుక్కోరు, గుర్రబ్బళ్ళలో తిరుగుతారు. రోడ్డు పక్క ఒకావిడ, నల్ల గౌను, తెల్ల టోపీ, బల్ల మీద చిక్కుడుకాయలూ బెల్లప్పాకంతో చేసిన పై అనే వంటకమూ పెట్టి అమ్ముతోంది. ముక్క డెబ్బై అయిదు సెంట్లు. నోట్లో పెట్టుకుంటే అరిసె పాకం గుర్తొచ్చింది నాకు. గుడ్డు వేశారా అని అడిగించాను. ఇందులో వెయ్యలేదన్నది.

వాళ్ళది పాత జర్మన్ యాస. ఎల్సమ్మగారు జర్మన్‌లో పలకరించగానే ఆవిడ మొహం విప్పారింది. ఇద్దరూ సగం అర్థమై సగం అర్థం కాక, ఒకళ్ళ మాటకొకళ్ళు నవ్వుకుంటూ ముచ్చటించారు. మధురై వైపు తరతరాలుగా ఉండిపోయిన తెలుగువాళ్ళతో మనం మాట్లాడితే ఇలాగే ఉంటుంది.

"ఆవిడ ఏమడిగింది?" అన్నాను కార్లో.

"అక్కడ నీవాళ్ళెవరైనా ఉన్నారా అంది. ఒక అన్నయ్య ఉన్నాడన్నాను. చూసి ఎన్నాళ్ళయిందంది. పదమూడేళ్ళన్నాను." ఆ తర్వాత వేలం జరిగే ఊరు వచ్చేదాకా ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

వేలం హాలులో

మూడోరోజు పొద్దున్నే వేలం జరిగే హాలుకి వెళ్ళాం. పెద్ద గోడౌను లాంటిది. పాట పదకొండింటికి. అంతకు ముందు రెండు గంటలు సరుకు చూసుకోనిస్తారు. పొడుగాటి బల్లల మీద నూటయాభై మగ్గులు బారులు తీరి ఉన్నాయి. శైలజ, ఎల్సమ్మగారు పేరు రాయించుకుని నంబరు అట్ట తెచ్చుకోడానికి వరసలో నిలబడ్డారు. నేను బల్లల వెంట నడిచాను.

ఓట్టో మగ్గు కనిపించింది. మీగడ రంగు ఒళ్ళు, దాని మీద మూడు రంగుల డాలు. మూత తగరం మసకబారింది. చింతపండు దొరికితే రెండు నిమిషాల్లో తళతళలాడించేవాణ్ణి. ఆ మాట పక్కనున్న గళ్ళ కోటు ఆయనతో అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆయన నవ్వాడు. ఇండియానా రాష్ట్రంలో పళ్ళ డాక్టరట. ఇలాంటివి నలభై పోగుచేశాడట.

"దయచేసి ఎప్పుడూ తోమకండి. తోమితే ధర సగానికి పడిపోతుంది. ఆ మసకే దాని వయసు" అన్నాడు.

నాలాంటి కొత్తవాడు దొరకడం ఆయనకీ సంతోషంగానే ఉన్నట్టుంది. ఒక్కొక్కటీ ఓపిగ్గా చూపించాడు. మూత పుట్టుకతో వచ్చినదేనా, తర్వాత అతికించారా చూడాలి. వేలితో మీటితే గంటలా మోగాలి. సంఘం చిన్నదైతే ఆ రంగులు అరుదు, అందుకు కొంత పెరుగుతుంది. తర్వాత పక్కపక్కనున్న రెండు మగ్గులు చేతికిచ్చాడు. ఒకే ఊరు, ఒకే సంఘం, ఒకే పరిమాణం.

"ఇది నూట ఇరవైకి పోతుంది. ఇది మూడొందలు" అన్నాడు.

"తేడా ఏమిటి?"

"దీని మీద పేర్లు లేవు. దాని మీద ఉన్నాయి."

నేను విస్తుపోయాను. మా వ్యాపారంలో పేరు కొట్టించిన పాత బిందె ఎవడూ కొనడు. ఇంకొకరి పేరున్న సామాను వంటింట్లో పెట్టుకోరు కాబట్టి తూకానికి కరిగించుకోవలసిందే. ఇక్కడ ఎవరో తెలియని మనిషి పేరుకి రెట్టింపుకి పైన ధరా అని అడిగాను.

"తెలియకపోతేనే అంత" అన్నాడాయన. "తెలిస్తే చెప్పలేం. నా నలభై మగ్గుల మీద ఎనభై పేర్లున్నాయి. అందులో ఒక్కడు కూడా ఎవరో, ఎలా బతికాడో నాకు తెలియదు."

ఆ మాట విన్నాక అయినా నా బుర్ర పనిచేసి ఉండాల్సింది. చెయ్యలేదు.

మా కొట్టు అరుగు మీద ఇరవై ఏళ్ళుగా నెలనెలా చీటీ పాట నడుపుతున్నాను. ఎవరింట్లోనైనా పురుడో, ఆస్పత్రో ఉంటే పాటకి ముందు వచ్చి నలుగురి చెవినా వేస్తారు, ఈ నెల నాకు వదిలెయ్యండని. పాట మొదలయ్యాక ఇక ఎవరూ పెంచరు. పెంచితే వాణ్ణి మనిషిగా చూడరు. ఆ అలవాటు నా ఒంట్లో ఉంది. నేను గళ్ళ కోటు ఆయన చెయ్యి పట్టుకుని, ఓట్టో మగ్గు దగ్గరకు తీసుకెళ్ళి, విల్హెల్మ్ ఎవరో ఓట్టో ఎవరో, తలుపు తీసిన ఎల్సా ఎవరో అంతా చెప్పాను. ఓడ ప్రయాణం చెప్పాను. ఆ రెండు పేర్లూ ఆవిడవేనని చెప్పాను. ఆవిడకి వదిలెయ్యండి అని దణ్ణం పెట్టాను. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. పేర్లు మళ్ళీ చెప్పమని అడిగి పుస్తకం అంచున రాసుకున్నాడు.

అంతటితో ఆగానా. ఆ చుట్టుపక్కలున్న మరో ముగ్గురికీ చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నారు, తలలూపారు, మంచి మాట చెప్పారని నా చెయ్యి నొక్కారు. వేలం వేసే మనిషి కూడా వచ్చి విన్నాడు. పని పూర్తిచేశానని మీసం దువ్వుకుంటూ వచ్చి ఎల్సమ్మగారి పక్కన కూర్చున్నాను. ఏం చేశానో చెప్పలేదు. గెలిచాక చెప్పి సంతోషపెడదామనుకున్నాను.

మా మగ్గు వంతు రాగానే వేలం మనిషి గుక్క తిప్పుకున్నాడు. అంతవరకూ అంకెలు తప్ప మాట్లాడనివాడు, "ఈ మూత మీది ఇద్దరు మిత్రుల కథ మనకి తెలిసింది. ఇచ్చినాయన చెల్లెల్నే పుచ్చుకున్నాయన పెళ్ళాడాడు. ఆ కుటుంబం ఈ గదిలోనే ఉంది" అన్నాడు. ఎల్సమ్మగారు ఉలిక్కిపడి నావైపు చూశారు.

వందకి మొదలయింది. ఆవిడ అట్ట ఎత్తారు. నూట యాభై, రెండొందలు, రెండొందల యాభై. ముందు వరసల్లో అయిదు చేతులు లేచాయి. ఆ అయిదింట్లో నాలుగు నేను దణ్ణం పెట్టిన చేతులు. మూడొందలకి ఆవిడ మళ్ళీ ఎత్తారు. మూడొందల పాతిక అన్నారెవరో. ఆవిడ పర్సులో టికెట్టు డబ్బున్న కవరు మీద వేళ్ళు బిగించి, మూడొందల యాభైకి ఇంకొక్కసారి ఎత్తారు. నాలుగొందలు వచ్చింది. ఆవిడ అట్టని ఒళ్ళో బోర్లా పెట్టుకున్నారు.

పాట ఆరొందల నలభై దగ్గర ఆగింది. గళ్ళ కోటు ఆయనకే దక్కింది.

నాకప్పుడు తెలిసొచ్చింది. మా ఊళ్ళో కథ చెబితే చేతులు దిగుతాయి. ఇక్కడ కథ చెప్పి నేనే చేతులు లేపించాను. ఏలూరులో నలుగురూ పెద్దమనిషి అంటారు నన్ను. ఆ కుర్చీలో కూర్చుని సిగ్గుతో నేలలోకి కూరుకుపోయాను.

పాట అయ్యాక

ఆవిడని బయట బెంచీ మీద కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. నా ఇంగ్లీషు సగంలో ఆగిపోతే మిగిలింది శైలజ చెప్పింది. చెబుతూ అది ఏడ్చింది.

"మావయ్య హెల్ప్ చేద్దామనే చేశాడు, ఎల్సా ఆంటీ. ఆయనకి తెలియదు."

ఎల్సమ్మగారు నంబరు అట్టని బెంచీ మీద పెట్టారు. తర్వాత అడిగారు, "ఓట్టో పేరు సరిగ్గా పలికారా?"

పలికానన్నాను.

"తలుపు తీసిన సంగతి చెప్పారా?"

చెప్పానన్నాను.

"అరవై ఏళ్ళలో ఆ కథ ఇంతమంది ఎప్పుడూ వినలేదు" అన్నారావిడ. కోపం లేదు ఆ గొంతులో. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

గళ్ళ కోటు ఆయన మగ్గు పట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆవిడ ముందు నిలబడి, "ఈయన నన్ను వదిలెయ్యమని అడిగారు. నాకర్థమయింది కూడా. కాని విన్నాక వదలలేకపోయాను. క్షమించండి" అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయన్ని కోప్పడలేకపోయాను. ఆవిడ మగ్గు చేతిలోకి తీసుకుని, మూత అంచున పేర్ల మీద బొటనవేలు ఒకసారి పోనిచ్చి, తిరిగి ఆయనకిచ్చేశారు. "తోమకండి" అన్నారు. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

గోడకున్న టెలిఫోను

అప్పుడు రెండు గంటలవుతోంది. జర్మనీలో రాత్రి ఎనిమిది. హాలు వరండాలో గోడకి టెలిఫోను ఉంది. ఎల్సమ్మగారు లేచి దాని దగ్గరకు నడిచారు.

"ఇప్పుడే చెప్పేస్తాను. ఇంటికెళితే మళ్ళీ భయమేస్తుంది" అన్నారు. "అమ్మేశానని చెబుతాను. వాడు రావద్దంటే టికెట్టు కొనక్కర్లేదు."

అవతలివాళ్ళే డబ్బు కట్టుకునే ఫోనుకాల్ ఉంటుందట. ఆపరేటరుతో మాట్లాడి అది పెట్టించుకున్నారు. నేనూ శైలజా నాలుగడుగుల దూరంలో నిలబడ్డాం. జర్మన్ నాకేం తెలుస్తుంది. ఆవిడ వీపు చూస్తూ ఉండిపోయాను. మొదట గబగబా, తల దించుకుని, ఊపిరి తీసుకోకుండా చాలాసేపు మాట్లాడారు. ఆగారు. తర్వాత అవతలి గొంతు మాకు కూడా వినిపించింది. పెద్దగా నవ్వుతున్నాడు. ఆవిడ ఏదో ఒకే మాట రెండుసార్లు చెప్పారు, అతను మళ్ళీ నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. అతనొక్కడే మాట్లాడాడు. ఆవిడ వింటూ వింటూ నెమ్మదిగా గోడకి భుజం ఆనించారు.

ఫోను పెట్టేసి మావైపు తిరిగేసరికి ఆవిడ మొహం తడిగా ఉంది.

"కోప్పడ్డాడా?" అంది శైలజ.

"ఆరొందల నలభయ్యా, ఎవడు వాడు పిచ్చివాడు అని నవ్వాడు. చేయించినప్పుడు డబ్బు లేక సైకిలు అమ్మాడట. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు." ఆవిడ చేతిరుమాలు వెతుక్కున్నారు. "వాడికి మగ్గు అక్కర్లేదట. ఓట్టో పోయిన దగ్గర్నుంచీ నన్ను రమ్మని రాయాలనుకుంటున్నాడట. రాయడం, చింపేయడం. ముసలిదాన్ని అంత దూరం రమ్మనడం తప్పేమోనని. అందుకని మగ్గు గురించి రాసేవాడట. మగ్గు తేవాలంటే నేను వెళ్ళాలి కదా."

"అందుకేనా పోస్ట్‌లో వద్దన్నాడు?" అంది శైలజ.

"అందుకే."

ఆవిడ పక్కన నిలబడి, మా చెల్లెలైతే పట్టుకున్నట్టే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఏమేం తీసుకెళుతున్నారని కాసేపటికి అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"నేనూ అదే అడిగాను" అన్నారు ఎల్సమ్మగారు. "ఏమీ తేవద్దన్నాడు. అక్టోబరులో వస్తున్నావు, లావుపాటి స్వెటరు మాత్రం మర్చిపోకు అన్నాడు." ఆవిడ రుమాలు మడిచి పర్సులో పెట్టుకున్నారు. "నాకు చలి ఆగదని మా అన్నయ్యకి ఇంకా గుర్తుంది."